మస్టర్ పడ్డదా?

వార్షికోత్సవ సంచికకు చేసే పని గురించి రాయమన్నారు. గోదావరిఖనిలో సర్వర్లు బాగుచేయడం నా పని. అందులో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది డిస్క్ క్యాష్. (ఈ క్యాష్ డబ్బు కాదు. డబ్బయితే ఇబ్బందే లేదు!)

మన హాస్టల్ వంటశాల గుర్తు చేసుకోండి. బియ్యం, పప్పు స్టోర్ రూమ్‌లో, ఆవాలు, జీలకర్ర, పసుపు మాత్రం పొయ్యి పక్కన పోపుల డబ్బాలో. చిటికెడు ఆవాలకు ప్రతిసారీ స్టోర్ తాళం తీస్తే పగటి అన్నం రాత్రికే. డిస్కు స్టోర్ రూమ్ అయితే క్యాష్ మెమరీ పోపుల డబ్బా. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. అక్కడొకటి ఇక్కడొకటి రాయాలంటే సెకనుకు వంద రాతలు కూడా కష్టమే. అందుకే సర్వర్‌లోని రెయిడ్ కంట్రోలర్ కార్డు మీద కొంత వేగమైన మెమరీ పెడతారు.

చదవడంలో పెద్ద చిక్కు లేదు. రాయడంలోనే ఉంది. మా బాపు గనిలో పనిచేసేవాడు. వాళ్ల మాటల్లో ఎప్పుడూ వినిపించేది "మస్టర్ పడ్డదా?" అనే. అప్పట్లో ఉన్న 1952 గనుల చట్టం ప్రకారం జీతంతో సెలవు రావాలంటే భూగర్భంలో చేసేవారికి ఏడాదికి 190 హాజర్లు ఉండాల్సి ఉండేది, మిగతావారికి 240. ఒక్కటి తగ్గినా నష్టమే. పోలిక కోసం అనుకోండి, హాజరు వేసే మనిషి పుస్తకంలో రాశాకే "పడ్డది" అంటాడు. అది రైట్ త్రూ. ఆలస్యం, కానీ భద్రం. చిట్టీ మీద రాసుకుని వెంటనే "పడ్డది, పో" అని, తర్వాత పుస్తకంలోకి ఎక్కిస్తే రైట్ బ్యాక్. లైను చకచకా కదులుతుంది. చిట్టీ పోతే మాత్రం హాజరూ పోయినట్టే.

ఆ చిట్టీని కాపాడేది కంట్రోలర్‌కు ఉన్న చిన్న బ్యాటరీ. కరెంటు పోయినా క్యాష్‌లోని సమాచారాన్ని రెండు మూడు రోజులు నిలుపుతుంది. కొత్త కార్డుల్లో కెపాసిటర్, ఫ్లాష్ మెమరీ ఉంటాయి. కరెంటు పోగానే అంతా ఫ్లాష్‌లోకి చేరుతుంది.

ఒక మే నెలలో ఒక ఆఫీసు నుంచి ఫోన్. నిన్నటిదాకా సెకనులో సేవ్ అయిన ఎంట్రీకి నిమిషం పడుతోంది. నెట్‌వర్క్ అన్నాను, యాంటీవైరస్ అన్నాను, డేటాబేస్ అన్నాను. రెండు రోజులు పోయాయి. లైనక్స్‌లో 'ఫ్రీ' కమాండ్ కొట్టి, మెమరీ ఖాళీ లేదని కంగారు కూడా పడ్డాను. ఖాళీ మెమరీని లైనక్స్ ఫైళ్ల క్యాష్‌గా వాడుకుంటుంది, అవసరమైతే తిరిగి ఇస్తుంది. అది రోగం కాదు. చివరికి కంట్రోలర్ లాగ్ తెరిస్తే మొదటి పేజీలోనే ఉంది: బ్యాటరీ చెడిపోయింది, అందుకని కార్డు తనంతట తానే రైట్ త్రూకు మారింది. వేడికి బ్యాటరీలు త్వరగా దెబ్బతింటాయి. మన ఎండలు తెలిసినవే, ఆ గదిలో ఏసీ పేరుకే ఉంది.

"ముందు నడిచేటట్టు చెయ్యి తమ్మీ" అన్నారు. బ్యాటరీ లేకున్నా రైట్ బ్యాక్ నడిపించే ఆప్షన్ ఒకటి ఉంటుంది. పెట్టేశాను. సర్వర్ పరుగెత్తింది, నాకు చాయ్ కూడా వచ్చింది. ఆ రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ నిలబడలేదు. 'సేవ్ అయింది' అని తెర మీద చూపిన చివరి ఎంట్రీలు డిస్కులో లేవు. కాగితాలు ఉన్నాయి కాబట్టి కూర్చుని మళ్లీ కొట్టాం. ఆ తప్పు కార్డుది కాదు, నాది.

పేరున్న సాఫ్ట్‌వేర్‌కూ ఈ చిక్కు తప్పలేదు. డిస్కులోకి రాయడం ఒకసారి విఫలమయ్యాక మళ్లీ అడిగితే, డేటా పోయినా లైనక్స్ 'అయింది' అని చెప్పగలదని 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు గమనించారు. 2019 నుంచి అలా విఫలమైతే ఆ డేటాబేస్ నమ్మకుండా ఆగిపోయి, లాగ్ నుంచి మళ్లీ కోలుకుంటుంది.

కొత్త బ్యాటరీ వేశాక రైట్ బ్యాక్ పెట్టి, బలవంతపు ఆప్షన్ తీసేశాను. హార్డ్ డిస్కుల సొంత క్యాష్‌ను కూడా ఆపాను, కంట్రోలర్ బ్యాటరీ దాన్ని కాపాడదు కదా. తర్వాత సెలవు రోజున ఒక పరీక్ష చేశాను. సర్వర్ ఒకటి, రెండు, మూడు అని డిస్కులో రాస్తూ, 'రాశాను' అన్న ప్రతి అంకెనూ ఇంకో కంప్యూటర్‌కు పంపుతుంది. మధ్యలో ప్లగ్గు పీకేశాను. మళ్లీ ఆన్ చేసి, ఆ కంప్యూటర్‌లో ఉన్న చివరి అంకె డిస్కులో ఉందా అని వెతికాను. ఉంది.