కబ్ క్యాడెట్: తుప్పు కింద మిగిలిన ట్రాక్టరు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా నగరాల శివార్లలో విశాలమైన పచ్చిక బయళ్లతో లక్షలాది ఇళ్లు వెలిసినప్పుడు, ఆ పచ్చికను కోయడానికి, పెరటి మడిని దున్నడానికి, చలికాలంలో వాకిట పేరుకున్న మంచును తొలగించడానికి ఒక చిన్న యంత్రం అవసరమైంది. ఆ అవసరాన్ని కొన్ని కంపెనీలు గడ్డికోత యంత్రానికే కొంత బలం చేకూర్చి, పైన ఆసనం అమర్చి తీర్చగా, మరికొన్ని పొలం ట్రాక్టరునే కుదించి పెరట్లోకి తెచ్చాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1960లో విడుదల చేసిన కబ్ క్యాడెట్ ఈ రెండో తెగకు చెందినది. అరవై ఏళ్ల తరువాత ఏ కొట్టం మూలనో తుప్పు పట్టి, ఇంజను బిగుసుకుపోయి దొరికిన కబ్ క్యాడెట్‌ను మళ్లీ నడిపించడం సాధ్యమవుతున్నదంటే, దానికి కారణాన్ని ఆ పుట్టుకలోనే వెతకాలి.

మెకార్మిక్, డీరింగ్ అనే రెండు పెద్ద కోతయంత్రాల కంపెనీలు మరికొన్ని చిన్న కంపెనీలతో కలిసిపోగా 1902లో ఏర్పడిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్, 1947 నుంచి ఫార్మాల్ కబ్ అనే చిన్న వ్యవసాయ ట్రాక్టరును కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ కర్మాగారంలో తయారు చేస్తూ ఉండేది. పెరటి ట్రాక్టరును రూపొందించవలసి వచ్చినప్పుడు ఆ సంస్థ ఇంజనీర్లు తేలికపాటి గేర్లను కొత్తగా గీయకుండా, పొలంలో నాగలిని లాగిన ఫార్మాల్ కబ్ గేర్లనే పోత ఇనుప పెట్టెలో అమర్చి, వాటి ముందు ఉక్కు చట్రాన్ని, ఆ చట్రంలో కోలర్ కంపెనీవారి 7 అశ్వశక్తి ఇంజనునూ బిగించారు. పది అశ్వశక్తికి అటూ ఇటూగా ఉన్న ట్రాక్టరు కోసం తయారైన గేర్లకు ఏడు అశ్వశక్తి బరువు కాదు గనుక అవి అరిగిపోవడం అరుదు. 1960 నుంచి 1963 వరకు ఈ తొలి నమూనా సుమారు 65,000 తయారైంది. 1963లో వచ్చిన 70, 100 అనే నమూనాల్లో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ ఉన్న బెల్టును తీసివేసి, నేరుగా ఇరుసుకడ్డీని, అంటే షాఫ్టును అమర్చారు. ఇదే సంస్థ అదే 1963లో మహీంద్రా, వోల్టాస్ కంపెనీలతో కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియాను నెలకొల్పింది. తెలుగు పల్లెలకు మహీంద్రా ట్రాక్టరుగా పరిచయమైన యంత్రానికి మూలం అక్కడే ఉంది; 2013లో తెలంగాణలోని జహీరాబాదులో ప్రారంభమైన ట్రాక్టర్ల కర్మాగారం కూడా ఆ వంశ విస్తరణే. ఆ విధంగా అమెరికా పెరటి పసుపు ట్రాక్టరు, తెలంగాణ పొలాల ఎర్ర ట్రాక్టరు దూరపు దాయాదులు.

ఇనుము తడికీ గాలికీ ఒకేసారి గురైనప్పుడు దాని ఉపరితలం ఆక్సిజన్‌తో, నీటితో కలిసి తుప్పుగా మారుతుంది, ఆ తుప్పు తాను తినివేసిన ఇనుముకన్నా రెండింతలకు మించిన చోటును ఆక్రమిస్తుంది. రేకు మీద అది పొరలుగా లేచి రాలిపోతుంది కాబట్టి నష్టం కంటికి కనిపిస్తుంది గానీ, నట్టుకూ బోల్టుకూ మధ్యనున్న వెంట్రుకవాసి సందులో పుట్టిన తుప్పు, పెరగడానికి చోటు లేక రెండు మరలనూ ఒకదానికొకటి అదుముతుంది. అందుచేత బిగుసుకుపోయిన బోల్టును పానా పెట్టి బలంకొద్దీ తిప్పడం పొరపాటు; బోల్టు తల తెగి, మిగిలిన ముక్క లోపలే ఉండిపోతుంది. సందుల్లోకి పాకే పలుచని నూనెను పోసి ఒకటి రెండు రోజులు నాననివ్వడం, ఆపైన నట్టును మాత్రమే వేడి చేసి వ్యాకోచింపజేయడం, ఆ తరువాత కొద్దిగా బిగించి కొద్దిగా వదులుతూ తుప్పును పొడిచేయడం అనే ఓపికైన పద్ధతే ఇక్కడ పనికివస్తుంది. నూనె పోసిన చోట మంట పెట్టవలసి వచ్చినప్పుడు ముందుగా ఆ నూనెను పూర్తిగా తుడిచివేయాలి.

విడదీసిన ఇనుప భాగాల మీది తుప్పును ఉప్పుకాగితంతో, తీగ బ్రష్షుతో గీకి తీయవచ్చు, కానీ మూలల్లో, గుంటల్లో ఉన్న తుప్పుకు విద్యుద్విశ్లేషణ మేలైనది. ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా కలిపి, శుభ్రం కావలసిన భాగాన్ని బ్యాటరీ చార్జరు ఋణ ధ్రువానికీ, పనికిరాని ఇనుప ముక్కను ధన ధ్రువానికీ కలిపి, రెండూ ఒకదానికొకటి తగలకుండా వేలాడదీసి కరెంటు పంపితే, భాగం మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు తుప్పు పొరను వదులు చేస్తాయి, ఎర్రని తుప్పులో కొంత నల్లని ఆక్సైడుగా మారి బ్రష్షుకు సులభంగా ఊడివస్తుంది. మిగిలిన మంచి ఇనుము ఏమాత్రం అరగకపోవడం ఈ పద్ధతి గొప్పతనం. అయితే హైడ్రోజన్ మండే వాయువు గనుక ఈ పని ఆరుబయటనే చేయాలి. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీటిలోకి చేరుతుంది. అల్యూమినియం భాగాలను సోడా నీరు తినివేస్తుంది. స్ప్రింగుల వంటి గట్టిపరచిన ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. శుభ్రమైన ఇనుము గంటల్లోనే మళ్లీ తుప్పు పట్టడం మొదలుపెడుతుంది కాబట్టి ఆరబెట్టిన వెంటనే రెడ్ ఆక్సైడ్ పూత వేసి, ఆపైన అసలు పసుపు, తెలుపు రంగులు వేయాలి.

గేర్‌బాక్సు విషయం త్వరగా తేలిపోతుంది. గేర్లూ, వెనుక చక్రాలు మలుపులో వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలు కల్పించే డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఒకే నూనెలో మునిగి ఉంటాయి. ఆ నూనె పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరిందని అర్థం, దాన్ని వదిలించి, కడిగి, సీళ్లు మార్చి, కొత్త నూనె పోస్తే చాలా సందర్భాల్లో అక్కడితో పని ముగుస్తుంది.

ఇంజను కథ వేరు. కోలర్ వారి కె-వరుస ఇంజన్లలో దిమ్మ మొత్తం పోత ఇనుమే, వాల్వులు సిలిండరు పక్కనే దిమ్మలో కూర్చుంటాయి, పిస్టను మాత్రం అల్యూమినియం. లోపల నూనెను తోసే పంపు లేదు. పిస్టనును క్రాంకుతో కలిపే కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉన్న చిన్న గరిటెలాంటి కొమ్ము ప్రతి చుట్టుకూ నూనెలో మునిగి దాన్ని లోపలంతా చిమ్ముతుంది. నూనె మట్టం తగ్గిన రోజున ఆ కొమ్ముకు నూనె అందదు, అల్యూమినియం రాడ్డు క్రాంకుకు అంటుకుని విరిగి, ఒక్కోసారి దిమ్మకే రంధ్రం చేస్తుంది. అటువంటి ఇంజనుకు మార్పిడి తప్ప దారి లేదు. వానకు తడిసి సిలిండరులో తుప్పుతో బిగుసుకున్న ఇంజను మాత్రం అంత నిరాశ కలిగించనక్కరలేదు: స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి నూనె పోసి రోజుల తరబడి నాననిచ్చి పిస్టనును కదిలించగలిగితే, లేత్ షాపులో సిలిండరును బోరు చేయించి, అంగుళంలో వెయ్యింట పది, ఇరవై లేదా ముప్పై వంతులు పెద్దదైన పిస్టనును వేసుకోవచ్చు. కర్మాగారం ఈ కొలతల్లో పిస్టన్లు విడుదల చేసిందంటేనే, ఇంజను ఒక జీవితంతో ముగియరాదని దాన్ని రూపొందించినవారు తలచారని స్పష్టమవుతుంది.

మరో ఇంజను తెచ్చి బిగించవలసి వస్తే చాలామంది ముందుగా అశ్వశక్తిని చూస్తారు. నిజానికి అది చివర చూడవలసిన అంకె. పాత కె-161 ఇంజను సుమారు 266 ఘన సెంటీమీటర్లతో 7 అశ్వశక్తి ఇచ్చేది. నేడు విరివిగా దొరికే హోండా జీఎక్స్-200 ఇంజను 196 ఘన సెంటీమీటర్లతో సుమారు 5.5 అశ్వశక్తి ఇస్తుంది, అదే వరుసలోని జీఎక్స్-390 సుమారు 11.7 ఇస్తుంది, కనుక శక్తికి కొరత లేదు. తేడా వచ్చేది మరోచోట: బరువైన పాత ఇనుప ఫ్లైవీలు, అంటే ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే చక్రం, తనలో దాచుకున్న శక్తితో దట్టమైన గడ్డిని దాటించేది. తేలికైన ఫ్లైవీలుకు ఆ నిల్వ తక్కువ కాబట్టి వేగం పడిపోకుండా చూసే గవర్నరు మీద భారం పెరుగుతుంది.

అన్నిటికన్నా చిక్కైనది తిరిగే దిశ. చిన్న ఇంజన్లు దాదాపు అన్నీ, పని తీసుకునే షాఫ్టు కొస వైపు నిలబడి చూసినప్పుడు, గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. వెనక్కి వెళ్లి ఫ్లైవీలు వైపు నుంచి చూస్తే అదే తిరుగుడు గడియారపు దిశలో కనిపిస్తుంది. షాఫ్టుతో నడిచే కబ్ క్యాడెట్‌లో ఇంజను ఫ్లైవీలు డ్రైవరు వైపున ఉంటుంది, గేర్‌బాక్సుకు వెళ్లే కడ్డీ ఆ ఫ్లైవీలు నుంచే బయలుదేరుతుంది, ముందరి కొస గడ్డికోత కత్తులను నడిపే క్లచ్చుకు మిగులుతుంది. కొత్త ఇంజనులో అందుబాటుగా ఉండేది పని తీసుకునే కొస కాబట్టి, దాన్ని డ్రైవరు వైపు తిప్పి కడ్డీకి కలపడం సహజంగా తోచే ఆలోచన. అలా కలిపిన ట్రాక్టరు మూడు గేర్లలో వెనక్కి, ఒక్క గేరులో ముందుకు నడుస్తుంది. దీన్ని తప్పించాలంటే కొత్త ఇంజనును కూడా ఫ్లైవీలు వెనక్కి ఉండేలా నిలబెట్టి, తాడు లాగి స్టార్టు చేసే భాగాన్ని తీసివేసి, చల్లబరిచే గాలి దారి మూసుకుపోకుండా ఫ్లైవీలుకు ఒక కలుపుడు పళ్లెం బిగించి, అది నడిమధ్యన తిరుగుతున్నదో లేదో డయల్ గేజితో కొలవాలి. లేదా ముందరి కొస నుంచి బెల్టుతో పక్కనున్న మరో కడ్డీని తిప్పాలి. రెండు గేర్లు పళ్లు కలిపితే దిశ తారుమారవుతుంది గానీ బెల్టు దిశను మార్చదు. ఇరుకైన చట్రంలో ఈ రెండో దారికి చోటు దొరకడం కష్టం.

ఈ చిక్కులన్నీ చూశాక, కె-161 స్థానంలో అదే కొలతల దిమ్మ కలిగిన 8 అశ్వశక్తి కె-181నూ, అదే కె-వరుసలోని కె-241 స్థానంలో 12 అశ్వశక్తి కె-301నూ వెతికి తెచ్చి బాగుచేసి బిగించడమే యంత్రానికి న్యాయం చేసే మార్గంగా కనిపిస్తుంది. బోల్టు రంధ్రాలు కలుస్తాయి, దిశ మారదు, ఫ్లైవీలు బరువు పోదు. అవి దొరకనప్పుడు కొత్త ఇంజను పెట్టడంలో తప్పేమీ లేదు, కానీ చట్రాన్ని కోయకుండా, వెల్డింగు చేయకుండా, విడిగా చేయించిన ఉక్కు పలక మీద దాన్ని నిలబెట్టాలి. రేపు అసలు ఇంజను దొరికితే పలక విప్పి దాన్ని యథాస్థానంలో కూర్చోబెట్టవచ్చు.

కోలర్ ఇంజనే పెట్టినప్పుడు నిప్పురవ్వ వ్యవస్థను సరిచూడడం మిగులుతుంది. కరెంటును తెంచి కాయిల్‌లో అధిక వోల్టేజి పుట్టించే పాయింట్లు ఈ ఇంజన్లలో దిమ్మ బయటే ఉంటాయి కాబట్టి ఫ్లైవీలు ఊడదీయనక్కరలేదు. వాటి మధ్య ఎడం అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు, అంటే సుమారు అర మిల్లీమీటరు ఉంచి, పిస్టను పైకొసకు చేరడానికి 20 డిగ్రీల ముందు అవి విడిపోయేలా సర్దాలి. ఇంజనును తిప్పే మోటారూ, బ్యాటరీని నింపే జనరేటరూ ఇందులో ఒకే యంత్రం. ఏళ్ల తరబడి ఊరకే పడి ఉన్న జనరేటరు ధ్రువాల ఇనుములో మిగలవలసిన కొద్దిపాటి అయస్కాంతత్వం నశిస్తే అది ఎంత తిరిగినా కరెంటు పుట్టదు. బ్యాటరీ నుంచి దాని ఫీల్డు చుట్లకు క్షణకాలం కరెంటు పంపి ఆ అయస్కాంతత్వాన్ని తిరిగి కల్పించాలి. ఆ తరువాత కొత్త నూనె పోసి, శుభ్రమైన పెట్రోలు నింపి, తొలి గంట తేలిక భారం మీదనే నడిపి, ఇంజను పూర్తిగా చల్లారాక హెడ్డు బోల్టులను వరుస ప్రకారం మళ్లీ బిగించి, కొత్త రింగులు సిలిండరులో ఒదిగేటప్పుడు రాలిన లోహపు పొడి కలిసిన ఆ తొలి నూనెను కొద్ది గంటల్లోనే పారబోయాలి.