మూడు వందల మీటర్ల దారి పది మీటర్ల దగ్గరే మొదలు

దూరపు గురి అనగానే బారెడు తుపాకి, దాని మీద టెలిస్కోపు, కిలోమీటరు అవతల కొండవాలులో వేలాడే ఇనుప పలక గుర్తొస్తాయి. ఫోన్లలో తిరిగే అమెరికా వీడియోలు మనకు అలవాటు చేసిన బొమ్మ ఇది. సండూరు తాలూకా చోరనూరులో ఓ కుర్రాడు దాన్ని చూసి ఉబలాటపడితే మొదటి రోజే చట్టమూ డబ్బూ రెండూ అడ్డం నిలబడతాయి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం రైఫిల్ కొనాలంటే లైసెన్స్ కావాలి, మామూలుగా 21 ఏళ్లు నిండాలి. .303, 7.62 వంటి సైనిక తూటాల తుపాకులు సామాన్యులకు నిషిద్ధం. పైగా 300 మీటర్ల పోటీ 1972 తర్వాత ఒలింపిక్స్‌లోనే లేదు. ఇవన్నీ చూసి చాలామంది ఆశ వదులుకుంటారు. నిజానికి వదులుకోవలసింది ఆ బొమ్మను మాత్రమే. తక్కువ ఖర్చుతో దూరపు గురి నేర్చుకోవాలనుకునేవాడు పది మీటర్ల దగ్గర ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెడితే అది గతిలేక చేసిన రాజీ కాదు, సరైన క్రమమే అది.

పది మీటర్లంటే జాతరలో బుడగలు పేల్చే ఆటే కదా అనేవాళ్లుంటారు. లెక్క చూద్దాం. అంతర్జాతీయ పోటీల్లో పది మీటర్ల లక్ష్యం మధ్య ఉండే పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 300 మీటర్ల లక్ష్యంలో అదే పది వలయం 100 మిల్లీమీటర్లు. దూరంతో పోల్చి చూస్తే చిన్న దూరపు చుక్కే ఆరు రెట్లకు పైగా సన్నం. ఇక్కడ తెలిసినవారు ఓ తిరకాసు పెడతారు: గుండు అంచు వలయాన్ని తాకినా పాయింట్లిస్తారు కాబట్టి చుక్క కొలత ఒక్కటే చెబితే మోసం. సరే, అదీ కలుపుదాం. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ను కలుపుకుంటే దాని కేంద్రం పడవలసిన చోటు 5 మిల్లీమీటర్ల వ్యాసం. దాన్ని 300 మీటర్లకు సాగదీస్తే 150 మిల్లీమీటర్లు. అక్కడ 8 మిల్లీమీటర్ల తూటాకు నిజంగా దొరికే చోటు 108. అంటే దూరం ముప్పై రెట్లు పెరిగినా, తుపాకిని కదలకుండా పట్టే నేర్పు ఒకటిన్నర రెట్లు కూడా పెరగనక్కర్లేదు. నిలుచునే తీరు, ఊపిరి నిలిపే క్షణం, ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడి చిన్న దూరంలోనే తేలిపోతాయి. పైగా పది మీటర్ల పోటీలో నిలబడే కాల్చాలి. పడుకుని భూమి ఆసరా తీసుకునే వీలు లేదు. గురి చూసేదీ సన్నని రంధ్రం గుండానే, టెలిస్కోపు నిషిద్ధం.

మరి దూరం కొత్తగా తెచ్చేదేమిటి? తూటా కిందికి జారడం, గాలి. జారడం పెద్ద సమస్య కాదు. 50 మీటర్లు వెళ్లేలోగా .22 తూటా సుమారు 12 సెంటీమీటర్లు దిగుతుంది. 300 మీటర్లకు వేగమైన రైఫిల్ తూటా మీటరుకు కాస్త తక్కువ. ఎంతైనా ప్రతిసారీ దాదాపు అంతే కాబట్టి గురిపరికరాన్ని ఒకసారి సరిచేస్తే చాలు. గాలి అలా కాదు. చిత్రదుర్గ కొండల మీద గాలిమరలు తిప్పే ఆషాఢపు గాలి ఈ నిమిషం ఉన్నట్టు మరు నిమిషం ఉండదు. దాన్ని చదవడం ఆరుబయట, 50 మీటర్ల .22 రైఫిల్‌తో నేర్చుకోవలసిన విద్య. చేయి నిలకడ లేనివాడికి మాత్రం గాలి కూడా పాఠం చెప్పదు. తప్పు గాలిదో తనదో వాడికి తెలియదు మరి.

ఇక డబ్బు. కొత్తవాళ్లు తుపాకి ధరే చూస్తారు, అసలు ఖర్చు కాల్చేదాని మీద. పోటీలో అరవై గుండ్లు కాలిస్తే సాధనలో వేలు కాల్చాలి. పెల్లెట్‌కు పడేది కొద్ది రూపాయలే, .22 మ్యాచ్ తూటాకు దానికి చాలా రెట్లు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పోటీ రైఫిళ్ల శక్తి అందులో సగం కూడా ఉండదు. జర్మనీ రైఫిల్ లక్షల్లో ఉంటుంది, మొదటి రెండేళ్లూ దాని అవసరం లేదు. స్వదేశీ రైఫిలో క్లబ్బు రైఫిలో చాలు. గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనకు పైసా ఖర్చు లేదు. కాకపోతే ఆ ఏర్పాటున్న రైఫిల్‌తోనే చేయాలి; స్ప్రింగు తుపాకిని ఖాళీగా పేలిస్తే పిస్టన్ దెబ్బతింటుంది. అయితే, పైకి వెళ్లేకొద్దీ ఖర్చు తప్పదన్నదీ నిజమే. హైదరాబాద్‌లో పెరిగి 2012 లండన్‌లో 701.1 స్కోరుతో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్‌కు రైఫిల్ కొనడానికి తండ్రి స్థలం అమ్మారని పత్రికలు రాశాయి. కానీ ఆ ఖర్చు ప్రతిభ తేలాక వచ్చేది, మొదటి రోజు పెట్టేది కాదు. పైగా 2011లో నారంగ్ సహ వ్యవస్థాపకుడిగా మొదలైన గన్ ఫర్ గ్లోరీ వంటి అకాడమీలు రైఫిల్ సొంతంగా లేనివారికీ దారి చూపాయి. హైదరాబాద్ యువకుడు ధనుష్ శ్రీకాంత్ అక్కడే తర్ఫీదు పొంది 2022 బధిరుల ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు.

అసలు కుర్రాళ్ల చేతికి తుపాకి ఎందుకనే అభ్యంతరం తోసిపారేయదగ్గది కాదు. సండూరు కొండల్లో ఎలుగుబంట్లున్నాయి, పొలాల్లో నెమళ్లు తిరుగుతాయి. ఎయిర్ గన్‌తో పిట్టను కొట్టినా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే కావచ్చు. దగ్గరి నుంచి తగిలితే పెల్లెట్ కన్ను పోగొడుతుంది. అందుకే పెరట్లో కొట్టుకునే సొంత తుపాకి కంటే, పెద్దలు కనిపెట్టుకుని ఉండే రేంజ్ మీద క్లబ్బు తుపాకి మేలు. పల్లె పిల్లలకు దగ్గర్లో అలాంటి చోటు ఎక్కడుందంటే, చాలామంది పట్టించుకోని ఎన్.సి.సి.లో ఉంది. క్యాడెట్లకు .22 రైఫిల్ కాల్చడం నేర్పుతారు, తూటాల ఖర్చు ప్రభుత్వానిది. గురి బాగున్నవారిని శిబిరాలకు, పోటీలకు ఏరుతారు. ప్రభుత్వ దారి ఎన్.సి.సి. ఒక్కటే కాదు. మనకు పొరుగునే ఉన్న మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లా కాంబళ్‌వాడి కుర్రాడు స్వప్నిల్ కుసాలే 2009లో ప్రభుత్వ క్రీడా శిక్షణ పథకమైన క్రీడా ప్రబోధినిలో చేరి, దాని ద్వారానే షూటింగ్‌కు వచ్చాడు. తర్వాత రైల్వేలో టికెట్ తనిఖీ ఉద్యోగం చేస్తూ, 2024 ఆగస్టు 1న పారిస్‌లో 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో 451.4 స్కోరుతో కాంస్యం తెచ్చాడు. ఆ విభాగంలో మన దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం.