ఫార్మాట్ కొట్టేముందు... ఒక్క పెన్‌డ్రైవ్!

పుటుక్కున కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది. బటన్ నొక్కితే లైనక్స్ కంప్యూటర్ తెర మీద తెల్ల అక్షరాలు బారులు తీరి, ఒకచోట ఆగిపోయాయి. రిపేరు షాపుకి తీసుకెళ్తే తరచూ వినిపించే మాట ఒకటే... 'ఫార్మాట్ కొట్టేద్దాం సార్!'

కొట్టాడా, బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టూ, ఎరువుల కొట్టు లెక్కలూ, పిల్లల ఫొటోలూ గంగలో కలిసినట్టే. నిజానికి చాలాసార్లు ఇంట్లో సామానంతా భద్రంగానే ఉంటుంది, గుమ్మం తాళమే బిగుసుకుపోతుంది. ఆ తాళం తీసే విద్యే రెస్క్యూ మోడ్. 1998లో మొదలైన లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్ కళాశాల ఉన్న మైలవరంలాంటి ఊళ్లో, ప్రాజెక్టు రివ్యూ ముందురోజు రాత్రి దీని విలువ చెప్పక్కర్లేదు. విజయవాడ బస్సెక్కి నిపుణుణ్ని వెతుక్కునే సమయం అప్పుడెక్కడిది?

బటన్ నొక్కగానే ముందు మేలుకునేది బయాస్, కొత్త యంత్రాల్లో అయితే యూఈఎఫ్ఐ. అది గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. గ్రబ్ కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది. హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో రాసింది దీన్నే. డిస్కు కెర్నెల్ చేతికి అందాక సిస్టమ్‌డీ మిగతా సేవల్ని నిద్రలేపుతుంది. ఎక్కడ ఆగిందో చూస్తే సగం రోగం తెలిసినట్టే.

'గ్రబ్ రెస్క్యూ' అని కనిపిస్తే, గ్రబ్‌కు తన ఫైళ్లున్న పార్టిషన్ దొరకలేదన్నమాట. ఎవరో పార్టిషన్లు చెరిపినా, మార్చినా ఇలాగే అవుతుంది. లైనక్స్ పక్కనే విండోస్ ఎక్కిస్తే మరో చిక్కు: నేరుగా విండోసే వచ్చేస్తుంది, లైనక్స్ మాయమైనట్టు ఉంటుంది. రెండో సందర్భంలో గ్రబ్‌ను మళ్లీ ఎక్కిస్తే చాలు. డెబియన్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రెస్క్యూ మోడ్ ఎంచుకోండి. మీ లైనక్స్ ఏ పార్టిషన్‌లో ఉందో అడుగుతుంది. చెబితే, గ్రబ్‌ను తిరిగి ఎక్కించే అవకాశం మెనూలోనే ఉంటుంది. ఒక్క మెలిక: పాత సిస్టమ్ యూఈఎఫ్ఐలో ఎక్కించినదైతే పెన్‌డ్రైవ్ కూడా అదే పద్ధతిలో బూట్ అవ్వాలి. చాలామంది చతికిలపడేది ఇక్కడే.

కరెంటు పోయిన కేసుల్లో ఎక్కువగా దెబ్బతినేది ఫైల్‌సిస్టమ్. డెబియన్, ఉబుంటుల్లో 'ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్' అంటూ ఆగి, ఏ పార్టిషన్ పాడైందో పేరుతో సహా చెబుతుంది. అక్కడే ఎఫ్‌ఎస్‌సీకే అని టైపు చేసి ఆ పేరు ఇస్తే మరమ్మతు మొదలవుతుంది. పెన్‌డ్రైవ్ అవసరమే రాకపోవచ్చు. అయితే వాడకంలో ఉన్న, అంటే మౌంటయి ఉన్న పార్టిషన్ మీద మాత్రం ఈ ఆదేశం ఇవ్వకండి, ఉన్నదీ పాడవుతుంది.

అన్నిటికన్నా నవ్వొచ్చే కారణం మరోటుంది. ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో రాసుకునే ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో, ఎప్పుడో పీకేసిన హార్డ్‌డిస్కు పేరు మిగిలిపోవడం. సిస్టమ్ దానికోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి జారిపోతుంది. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి, ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేస్తే సరి. వచ్చీ పోయే డిస్కులకు 'నోఫెయిల్' అని చేర్చితే మళ్లీ ఈ గొడవ రాదు.

ఇంకో మాట. హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమంటుంటే మాత్రం మరమ్మతు జోలికి పోవద్దు. అది చివరి ఊపిరిలో ఉంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పార్టిషన్‌ను రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, ముందు ముఖ్యమైన ఫైళ్లు మరో డిస్కుకి ఎక్కించుకోండి. సినిమాలూ పాటలూ తర్వాత చూసుకోవచ్చు.