అయస్కాంతం జేబులో వేసుకుని కారు కొనబోదాం

పిల్లలూ! ఈ నెల మనమంతా కలిసి ఒక పాత కారు కొనబోతున్నాం. కంగారు పడకండి, డబ్బు ఊహలోదే. కారు మాత్రం నిజమైనది.

ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డుకు దగ్గరగా ఆబింగ్డన్ అనే చిన్న పట్టణం ఉంది. 1962 నుంచి 1980 వరకు అక్కడి కర్మాగారంలో ఎం.జి.బి. అనే స్పోర్ట్స్ కారు తయారయింది. ఇద్దరు కూర్చునే కారు. పైకప్పు ఉండదు. వాన వస్తే గుడ్డ టాపు లాగి కప్పుకోవాలి. అన్ని రకాల ఎం.జి.బి.లు కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఎం.జి. అంటే మోరిస్ గ్యారేజెస్. ఈ పేరు మీరు మన రోడ్ల మీద కూడా చూసే ఉంటారు. అది చేతులు మారి మారి ఒక చైనా కంపెనీకి చేరింది. మన దేశంలో 2019 నుంచి ఆ పేరుతో కార్లు అమ్ముతున్నారు. మనం కొనబోయేది మాత్రం ఆ పాత ఆబింగ్డన్ బండినే.

దీన్ని చాలామంది 'వింటేజ్ కారు' అంటారు. నిక్కచ్చిగా చెప్పాలంటే బ్రిటన్‌లో ఆ మాట 1919కి, 1930కి మధ్య తయారైన కార్లకే చెల్లుతుంది. పంతులుగారి చాదస్తం అనుకుని వదిలేయండి!

ఇక అసలు విషయానికి వద్దాం. బ్రిటన్‌లో మామూలు కారుకు మూడేళ్లు నిండాక ఏటా పరీక్ష చేయించాలి. అయితే 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని బండికి 2018 మే నుంచి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అంటే మనం కొనే బండి అడుగుభాగాన్ని ఏళ్ల తరబడి ఏ ఇన్‌స్పెక్టరూ చూసి ఉండకపోవచ్చు. పైన రంగు అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ఆ రంగు కింద ఉక్కు ఉందో లేదో మనమే తేల్చుకోవాలి. దాని మీద ఆధారపడి ఉన్నది మన డబ్బు ఒక్కటే కాదు, మన ప్రాణం కూడా.

ఒక చిన్న ప్రయోగం చేయండి. చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకుని, మూత బిగించి రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. అంత సులభంగా మెలి తిరగదు. మూత తీసి మళ్లీ ప్రయత్నించండి. పెట్టె మెత్తబడిపోయినట్టు మెలికలు తిరుగుతుంది కదూ! పైకప్పు లేని కారు మూత తీసిన పెట్టె లాంటిదే. దీనికి ముందు వచ్చిన ఎం.జి.ఎ. కారుకు, లారీకి ఉన్నట్టుగా, వేరే ఛాసిస్ ఉండేది. ఎం.జి.బి.కి అది లేదు. దాని ఉక్కు రేకుల దేహమే దాని ఎముకల గూడు. మరి పైకప్పు లేని లోటును తీర్చేదేమిటి? తలుపుల కింద, ముందు చక్రం దగ్గర మొదలై వెనుక చక్రం దాకా ఇరుపక్కలా సాగే రెండు ఉక్కు గొట్టాలు. వాటిని 'సిల్' అంటారు. ఆ మాటకు అర్థం గడప అనే. మన ఇళ్లలో గడప పుచ్చితే తలుపు సరిగా పడదు. ఈ కారులోనూ అంతే.

ఈ గడపలో పై పలక, మధ్య పలక, లోపలి పలక ఉంటాయి. వాటి మధ్య ఖాళీ ఉంటుంది. చక్రాలు చిమ్మిన బురద అక్కడికి చేరుతుంది. నీళ్లు పోవడానికి అడుగున ఉన్న కంతలు పూడిపోతే ఆ బురద నెలల తరబడి తడిగానే ఉంటుంది. పైగా బ్రిటన్‌లో చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు నీరు మంచి విద్యుద్వాహకం అని మీరు చదువుకున్నారు.

తుప్పు పట్టాలంటే గాలి, నీరు రెండూ కావాలని పరీక్షనాళికల్లో మేకులు వేసి మీరు ప్రయోగం చేసే ఉంటారు. ఆ ప్రయోగం చెప్పని సంగతి ఒకటి ఉంది. గాలి ఎక్కడ బాగా అందుతుందో అక్కడే ఇనుము ఎక్కువగా తినబడుతుందని మనం అనుకుంటాం. తడి బురద కప్పిన రేకు విషయంలో జరిగేది దీనికి తలకిందులు! గాలి బాగా తగిలే చోట ఆక్సిజన్, నీరు కలిసి ఎలక్ట్రానులను లాక్కుంటాయి. ఆ ఎలక్ట్రానులను ఇచ్చేది గాలి అందని చోట, బురద కింద దాక్కున్న ఇనుము. అక్కడ ఇనుము అయానులుగా మారి కరిగిపోతూ ఉంటుంది. ఒకే రేకు మీద చిన్న బ్యాటరీ ఏర్పడిందన్నమాట. అందుకే తుప్పు కంటికి కనబడని మూలల్లోనే ఎక్కువగా తింటుంది. పైన రంగు మీద చిన్న పొక్కు కనబడే సరికి లోపల పని చాలావరకు పూర్తయిపోయి ఉంటుంది.

అమ్మేవాడు అప్పుడేం చేస్తాడు? నిజాయితీపరుడైతే కుళ్లిన పలకలు కోసేసి కొత్తవి వెల్డింగ్ చేయిస్తాడు. అది ఖరీదైన పని, ఇంజన్ మరమ్మతు కంటే కూడా. లేనివాడు కంతలో పుట్టీ కూరి, గీకి, రంగు కొట్టిస్తాడు. ఈ విద్య మన టింకరింగ్ షెడ్లలోనూ ఉన్నదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొత్త రంగు చూసి మురిసిపోయి ఒక పాత స్కూటరు కొన్నాను. మొదటి వానాకాలంలోనే కాళ్లు పెట్టుకునే రేకు పొరలు పొరలుగా ఊడి చేతికొచ్చింది. అప్పుడు నా ప్రయోగశాల బీరువాలో అయస్కాంతాలు డజను ఉన్నాయి. ఒక్కటీ జేబులో లేదు!

అందుకని ఇప్పుడు ఒక చిన్న అయస్కాంతం తీసుకోండి. రంగు గీసుకుపోకుండా పలుచటి గుడ్డలో చుట్టండి. గడప పొడవునా, చక్రాల పైనుండే రేకుల అంచుల మీద, తలుపుల అడుగున మెల్లగా జరుపుతూ పోండి. ఉక్కు ఉన్న చోట అది అంటుకుంటుంది. పుట్టీ ఉన్న చోట పట్టు వదిలి జారిపోతుంది. పుట్టీ కింద రేకు మిగిలి ఉన్నా సరే, అయస్కాంతానికీ ఉక్కుకీ మధ్య దూరం కొద్దిగా పెరిగితే చాలు, ఆకర్షణ చాలా త్వరగా పడిపోతుంది. ఒక్క హెచ్చరిక. మొదటి సంవత్సరాల ఎం.జి.బి.లో బానెట్ మీద అయస్కాంతం అసలు అంటుకోదు. మోసం అని అరిచేరు! ఆ బానెట్‌ను అల్యూమినియంతోనే చేశారు.

అయస్కాంతానికీ ఒక లోటు ఉంది. కుళ్లిన గడప మీద కొత్త రేకు ఒకటి అతికించేస్తే అది చక్కగా అంటుకుంటుంది. కనుక తలుపు వెనుక సందు చూడండి. అది పై నుంచి కింది దాకా ఒకే వెడల్పులో ఉండాలి. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా కనబడితే కారు నడుం కుంగిందన్నమాట. తర్వాత యజమానిని అడిగి ఒక పక్క జాకీ పెట్టించి లేపమనండి. ఆ స్థితిలో తలుపు తీసి వేయించండి. గడప గట్టిగా ఉంటే తలుపు ఎప్పటిలాగే పడుతుంది. పుచ్చిపోతే రాసుకుంటుంది, లేదా అసలు పడదు. జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం ఎవరూ దూరకూడదు.

విద్యుత్తు సంగతి కూడా చూద్దాం. 1967కు ముందు బండ్లలో బ్యాటరీ ధనధ్రువాన్ని కారు దేహానికి కలిపేవారు. ఇప్పటి కార్లలో ఋణధ్రువం కలుపుతారు. ఈ తేడా తెలియక కొత్త రేడియో బిగించారంటే అది కాలిపోతుంది. దీపాలు మసగ్గా వెలిగితే బల్బును తిట్టకండి. 12 వోల్టుల మీద 48 వాట్ల బల్బు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే దాని నిరోధం 3 ఓములు. దేహానికి కలిపిన చోట తుప్పు పట్టి మరో అర ఓము చేరిందనుకోండి. బల్బు నిరోధం మారలేదనుకుంటే విద్యుత్తు సుమారు 3.4 ఆంపియర్లకు తగ్గుతుంది. బల్బుకు దక్కేది 35 వాట్లే. ఒక గరుకు కాగితంతో రుద్దితే పోయే జబ్బు ఇది.

ఇంజన్ గురించి ఎక్కువ చెప్పను. ఒక్క చుట్టరికం మాత్రం చెప్పాలి. మన అంబాసిడర్ కారులో ఎన్నో ఏళ్లు నడిచిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజన్, ఎం.జి.బి.లోని 1798 ఘన సెంటీమీటర్ల ఇంజన్ ఒకే కుటుంబంలోవి. మీ ఊళ్లో అంబాసిడర్లు బాగుచేసిన ముసలి మెకానిక్ ఎవరైనా ఉంటే, ఆయన ఎం.జి.బి. బానెట్ తెరిచినా కొత్త చోటికి వచ్చినట్టు అనిపించదు. పొగ గొట్టం నుంచి నీలం పొగ వస్తే ఆయిలు మండుతోందని ఆయనే చెబుతాడు.

పెట్రోలు మాత్రం మారిపోయింది. ఆ రోజుల్లో పెట్రోలులో సీసం ఉండేది. అది ఎగ్జాస్టు వాల్వు కూర్చునే చోట పలుచటి పొరలా ఏర్పడి అరుగుదలను ఆపేది. సీసం విషం కనుక మానేశారు, మంచి పనే. ఇప్పుడు గట్టి లోహపు వలయాలు బిగించుకోవాలి. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాబట్టి గొట్టాలు వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చాలి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారడం ఆటలు కాదు.

ఇంతా చూసి, దేహమంతా కుళ్లిపోయిందని తేలితే? దానికీ ఒక దారి ఉంది. 1988 నుంచి ఇంగ్లాండులో పాత అచ్చులతోనే ఎం.జి.బి. దేహాన్ని పూర్తిగా కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. మీ ఇంజను, మీ చక్రాలు, మీ నంబరు పలక తీసి దానికి బిగించుకోవచ్చు. అప్పుడది 1965 కారా, కొత్త కారా? తరగతిలో రెండు జట్లుగా చీలి వాదించుకోండి. నేను మాత్రం ఏ జట్టులోనూ చేరను.

బండి కొని ఇంటికి తెచ్చాక మొదటి పని పాలిష్ పెట్టడం కాదు. నేల మీద పడుకుని చూస్తే గడప అడుగున నీళ్లు పోయే కంతలు కనబడతాయి. ఒక తీగముక్కతో వాటిని పొడిచి శుభ్రం చేయండి. రాలేది మట్టి అయితే సంతోషం. ఎర్రటి పెచ్చులు రాలితే కాగితంలో పొట్లం కట్టి, వాటి దగ్గర అయస్కాంతం పెట్టి చూడండి. తుప్పు దాదాపుగా అంటుకోదు. అంటుకున్న ముక్కల్లో ఇంకా ఉక్కు మిగిలి ఉండవచ్చు.