టీకా మనకు, బిల్లు ఎవరికి?

వేసవి సెలవులకో, సంక్రాంతికో, తమ్ముడి పెళ్ళికో ఇండియా ప్రయాణం ఖాయం కాగానే మన ఇళ్ళలో మొదలయ్యే హడావుడి అందరికీ తెలిసినదే. టిక్కెట్లు, పాస్‌పోర్టులు, సూట్‌కేసులు బాత్‌రూమ్ స్కేలు మీద పెట్టి తూచుకోవటం, ఎవరికి ఏం తీసుకెళ్ళాలన్న జాబితాలు. ఇవన్నీ అయ్యాక, ప్రయాణం నాలుగు రోజులుందనగా, "పిల్లలకు టైఫాయిడ్ సూది వేయించాలి కదూ?" అని ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. డాక్టరు ఆఫీసుకు ఫోను చేస్తే "మీ ఇన్సూరెన్సు ఇవ్వకపోవచ్చు, మొత్తం మీరే కట్టుకోవాలి" అంటారు. నలుగురున్న కుటుంబానికి ఎంతవుతుందో లెక్క వేసుకుని, మనం పుట్టి పెరిగిన ఊరే కదా, మనకేమవుతుందిలే అనుకొని విమానం ఎక్కేస్తాం.

డాక్టర్లకు ఈ ధీమా చూస్తేనే భయం. అమెరికాలో టైఫాయిడ్ బయటపడేవారిలో ఎక్కువమంది విదేశాలకు వెళ్ళి వచ్చినవాళ్ళే. అందులోనూ పెద్ద భాగం ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలోని చుట్టాలను చూడటానికి వెళ్ళినవాళ్ళు. హోటల్లో దిగి సీసా నీళ్ళు తాగి వారంలో తిరిగి వచ్చే టూరిస్టు కన్నా, మేనమామగారింట్లో నెలరోజులుండి, బజ్జీల బండి దగ్గరా పానీపూరీ బండి దగ్గరా నిలబడే మన పిల్లలకే ముప్పు ఎక్కువ. మనకు చిన్నప్పుడు వచ్చిన కాస్త రోగనిరోధక శక్తి ఇన్నేళ్ళ తరువాత నమ్ముకోదగినది కాదు. ఇక్కడ పుట్టిన పిల్లలకు అదీ లేదు.

ఇంతకీ ఇన్సూరెన్సు ఒక టీకాకు పైసా తీసుకోకుండా, పక్క టీకాకు పైసా ఇవ్వకుండా ఎందుకుంటుంది? 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆ ఏడాది సెప్టెంబరు 23 తరువాత మొదలైన ప్లాను సంవత్సరాల నుంచి, కంపెనీ ప్లానులు సిఫారసు చేసిన టీకాలను కోపే గాని డిడక్టిబుల్ గాని లేకుండా ఇవ్వాలి. చట్టానికి ముందు నుంచీ ఉండి, పెద్ద మార్పులు లేకుండా కొనసాగుతున్న కొన్ని పాత ప్లానులకు మాత్రం మినహాయింపు ఉంది. సిఫారసు చేసేది సి.డి.సి.కి సలహాలిచ్చే కమిటీ. అయితే ఆ చట్టం అమలు నిబంధనల్లో "రొటీన్" అనే మాట ఒకటి ఉంది. సి.డి.సి. ప్రచురించే పిల్లల, పెద్దల టీకాల పట్టికలో ఉన్నవే రొటీన్ కింద లెక్క. టైఫాయిడ్, పిచ్చికుక్క కాటుకు ముందుజాగ్రత్తగా వేసే రేబీస్, మెదడువాపు టీకాలు ఆ పట్టికలో లేవు. అవి ప్రయాణం టీకాలు. రోగం ఎంత ప్రమాదకరమైనది అన్నదానితో దీనికి సంబంధం లేదు. పట్టికలో ఉందా, లేదా? అంతే.

ఇక్కడే మనవాళ్ళు చాలామంది అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటున్నారు. "ఇండియా కోసం" అనగానే క్లినిక్కు బిల్లింగు వాళ్ళు అన్నిటినీ ఒకే గాటన కట్టి ప్రయాణం టీకాలని రాసేస్తారు. కాని హెపటైటిస్-ఏ సంగతి వేరు. పిల్లల పట్టికలో అది ఎలాగూ ఉంది. పెద్దల పట్టికలో, ఆ జబ్బు ఎక్కువగా ఉన్న దేశాలకు వెళ్ళేవారికి ఇవ్వాలని నోట్సులో స్పష్టంగా ఉంది. అలాగే 6 నుంచి 11 నెలల పసిపిల్లలను విదేశాలకు తీసుకెళ్ళేటప్పుడు తట్టు టీకా ముందుగానే ఒక డోసు వేయాలని పిల్లల పట్టిక నోట్సులోనే ఉంది. ఏడాది నిండాక మామూలుగా వేసే రెండు డోసులూ మళ్ళీ వేయాలి. ఈ రెండింటికీ "ఇది ప్రయాణం టీకా, ఇవ్వం" అని ఉత్తరం వస్తే చూసి ఊరుకోకండి. ఆ నోట్సు పేజీ జతచేసి అప్పీలు పెట్టండి. కంపెనీ ప్లానుల్లో తిరస్కరణ అందిన రోజు నుంచి 180 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు లోపల ఫోనులో ఎంత వాదించినా అప్పీలు పెట్టినట్టు కాదు, కాగితం మీద పంపాలి.

పట్టికలో ఉన్న టీకాకు కూడా బిల్లు రావటానికి మామూలు కారణాలు రెండు. ఒకటి, ప్లాను నెట్‌వర్కులో లేని ట్రావెల్ క్లినిక్కుకు వెళ్ళటం. రెండోది, టీకాతో బాటు వేరే జబ్బు గురించి కూడా మాట్లాడితే ఆఫీసు విజిట్‌కు విడిగా బిల్లు వేయటం. సర్పి టీకాకు ఇంకో తిరకాసుంది. 50 దాటిన మనవంటివారికి రెండు డోసులుగా ఇచ్చేది. కొన్ని ప్లానుల్లో అది మందుల షాపు కార్డు కింద, కొన్నిటిలో డాక్టరు ఆఫీసు కింద వస్తుంది. ఎక్కడ వేయించుకోవాలో ముందు ఫోను చేసి అడిగితే అయిదు నిమిషాల పని, అడగకపోతే అయిదు నెలల ఉత్తర ప్రత్యుత్తరాలు.

ఇక నిజంగా పట్టికలో లేని టైఫాయిడ్ వంటి వాటి సంగతి. కొన్ని కంపెనీల ప్లానులు వాటికీ ఇస్తాయి, చట్టం అడగకపోయినా. అది ఇన్సూరెన్సు కార్డు మీద ఉండదు. సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే లావుపాటి పత్రంలో, మినహాయింపుల అధ్యాయంలో "ట్రావెల్" అనే మాట వెతకాలి. పెద్ద కంపెనీల్లో చాలావాటికి డబ్బు కంపెనీదే. ఇన్సూరెన్సు సంస్థ కాగితాలు చూసిపెట్టే గుమాస్తా మాత్రమే. కాబట్టి ఏది ఇవ్వాలో నిర్ణయించేది మన బెనిఫిట్స్ డిపార్టుమెంటే. మన ఆఫీసుల్లో ఇండియా వెళ్ళి వచ్చేవాళ్ళు ఒకరిద్దరు కాదు. పదిమంది కలిసి ప్లాను మార్చే కాలానికి ముందే అడిగితే వినే అవకాశం ఉంది. ఇంజనీర్లం, ప్రతిదానికీ మీటింగు పెడతాం, దీనికి మాత్రం ఎందుకో పెట్టం. కంపెనీ పని మీద హైదరాబాదు ఆఫీసుకు వెళ్ళేవారైతే ఇన్సూరెన్సును అడగనే వద్దు. హోటలు, టాక్సీల్లాగే ప్రయాణ ఖర్చు కింద ఇస్తారేమో మేనేజరును అడగాలి.

ఇవేవీ కుదరకపోతే మిగిలినది ఎఫ్.ఎస్.ఏ., హెచ్.ఎస్.ఏ. ఖాతాలు. ప్రయాణం టీకా కూడా వైద్యఖర్చే, పన్ను కట్టని డబ్బుతో కట్టుకోవచ్చు. అంటే మన పన్ను శ్లాబును బట్టి ఆ మేరకు తగ్గింపు దొరికినట్టే. 2026లో ఎఫ్.ఎస్.ఏ.లో ఒక ఉద్యోగి పెట్టుకోగలిగినది 3,400 డాలర్లు. జీతంలో కోత ఏడాది పొడుగునా ఉన్నా, రాసుకున్న మొత్తం ప్లాను సంవత్సరం మొదటి రోజు నుంచే వాడుకోవచ్చు. డబ్బు కట్టిన రోజు కాదు, సూది వేయించుకున్న రోజే లెక్క. కాబట్టి సంక్రాంతికి వెళ్ళేవారు డిసెంబరులో వేయించుకుంటే పాత ఏడాది సొమ్ము, అదీ మురిగిపోయే సొమ్ము, పనికొస్తుంది. టైఫాయిడ్ సూది రెండేళ్ళకే పాతబడుతుంది. రెండేళ్ళకొకసారి దేశం వెళ్ళే కుటుంబాలు ఆ ఖర్చును ముందే అంచనా వేసి ఓపెన్ ఎన్‌రోల్‌మెంటులో రాసుకోవచ్చు.

క్లెయిము తిరిగి రావటానికి మొదటి కారణం రసీదు. క్రెడిట్ కార్డు చీటీ పనికిరాదు. రోగి పేరు, తేదీ, ఏ టీకా, ఎంత, ఎవరు వేశారు అన్నవి విడివిడిగా ఉండాలి. కౌంటరు దగ్గరే అడిగి తీసుకోండి. కాలేజీ ముగించి ఉద్యోగంలో చేరిన పాతికేళ్ళ కొడుకో కూతురో మన ప్లానులోనే ఉన్నా, వారి ఖర్చుకు ఎఫ్.ఎస్.ఏ. పనికొస్తుంది గాని, పన్ను కాగితాల్లో వారు మన మీద ఆధారపడినవారు కాకపోతే హెచ్.ఎస్.ఏ. పనికిరాదు. రెండూ ఒకటేనని అనుకొని చిక్కుల్లో పడేది ఇక్కడే.

ఇన్సూరెన్సుతో సంబంధం లేని మాట ఒకటి డాక్టర్ల తరఫున. టైఫాయిడ్ సూది ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పడాలి. రెండేళ్ళలోపు పిల్లలకు ఇక్కడ లైసెన్సు ఉన్న టైఫాయిడ్ టీకా లేదు. చిత్రమేమిటంటే, 6 నెలల పిల్లలకు కూడా వేయగల టీకా మన హైదరాబాదులోనే భారత్ బయోటెక్ తయారు చేస్తోంది, దానికి 2017 డిసెంబరులోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం కూడా దొరికింది. అది ఇక్కడికి రాలేదు. పసిబిడ్డకు కాచి చల్లార్చిన నీళ్ళే శరణ్యం.

పట్టిక కూడా ఇదివరకటంత స్థిరంగా లేదు. 2025 జూనులో ఆ సలహా కమిటీ సభ్యులందరినీ ఆరోగ్యశాఖ మార్చివేసింది. ఇన్సూరెన్సు సంస్థల సంఘం మాత్రం, 2025 సెప్టెంబరు 1 నాటికి సిఫారసులో ఉన్న టీకాలన్నిటినీ 2026 చివరిదాకా ఉచితంగానే ఇస్తామని ప్రకటించింది. ఆ తరువాతి సంగతి ప్లాను పత్రంలో ఏటా చూసుకోవలసిందే.

ఇక అమ్మానాన్నలు. వారిని మన ఉద్యోగం ప్లానులో చేర్చుకోవటం సాధారణంగా కుదరదు. విజిటర్ ఇన్సూరెన్సులు సాధారణంగా టీకాలకు ఇవ్వవు. విజిటర్ వీసా మీద వచ్చినవారి ఖర్చుకు మన ఎఫ్.ఎస్.ఏ. కూడా మామూలుగా కుదరదు. గ్రీన్ కార్డు మీద ఉండి, వారి పోషణలో సగానికి పైగా మనమే భరిస్తుంటే మాత్రం కుదరవచ్చు, పన్ను లెక్కలు చూసేవారిని అడగండి. మెడికేరులో మందుల భాగం, అంటే పార్ట్-డి, తీసుకున్న పెద్దవాళ్ళకు 2023 జనవరి 1 నుంచి సర్పి టీకా పూర్తిగా ఉచితం. విజిటర్ వీసా వారికి జిల్లా ఆరోగ్య కేంద్రంలో టీకా ధర ఎంతో, మన వీధి మందుల షాపులో ఎంతో రెండూ అడిగి చూడండి. ఫ్లూ టీకాకైతే అక్టోబరులోనే అడగటం మంచిది.