పైరుపై పడుతున్న కనిపించని భారం – భూమట్టపు ఓజోను

ఓజోను అనగానే ఆకాశంలో భూమికి గొడుగు పట్టిన పొర మనకు గుర్తుకు వస్తుంది. సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొని అది జీవరాశిని కాపాడుతున్నది. అదే వాయువు నేలకు చేరువగా పెరిగినచో మన ఊపిరితిత్తులకే గాక పచ్చని పైరుకు కూడా హాని చేస్తుంది. ఈ రెండవ సంగతి మన గ్రామాలలో తగినంత ప్రచారానికి నోచుకోలేదు.

పుట్టుక

భూమట్టపు ఓజోను ఏ చిమ్నీ నుండీ నేరుగా వెలువడదు. బాయిలర్లలో, ఇంజన్లలో ఇంధనం మండినప్పుడు నత్రజని ఆక్సైడులు ఏర్పడతాయి. పెట్రోలు, రంగులు, కట్టెల పొయ్యిలు, తగులబెట్టిన చెత్త నుండి కర్బన ఆవిరులు వస్తాయి. ఈ రెండూ ఎండలో చర్య జరిపినప్పుడు ఓజోను పుడుతుంది. లాస్ ఏంజిలిస్ నగరపు పొగమంచు ఈ విధంగా ఏర్పడినదేనని 1950ల తొలినాళ్ళలో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త నిరూపించారు. ఆ పరిసరాలలోని ఆకుకూరల తోటలు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి.

పట్నపు పొగ, పల్లె నష్టం

వాహనాల నుండి అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడు ఓజోనును హరిస్తుంది. అందువలన రద్దీ కూడలిలో ఓజోను తక్కువగా ఉండి, గాలి వీచే దిశలోని పల్లెలలో ఎక్కువగా ఉండటం కద్దు. పొగను వదిలిన వారొకరు, ఫలితం అనుభవించే వారు వేరొకరు.

ఓజోను పత్రరంధ్రాల ద్వారా ఆకులోనికి ప్రవేశించి కణాల పొరలను దెబ్బతీస్తుంది. కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది, ఆకు ముందుగానే పండిపోతుంది, గింజ సరిగా పాలుపోసుకోదు. ఆకుపై కనిపించే చిన్న మచ్చలను రైతు తెగులనో, పోషక లోపమనో భావించి మందులపై ఖర్చు చేసే అవకాశమున్నది. అనేక సందర్భాలలో మచ్చ కూడా కనబడదు. దిగుబడి మాత్రం తగ్గుతుంది.

గోధుమ, సోయా, పత్తి దీనికి త్వరగా లొంగే పంటలు. గంగా మైదానంలో ఫిబ్రవరి, మార్చి నెలలలో గోధుమ గింజ కట్టే వేళకు ఎండ ముదిరి ఓజోను పెరుగుతుంది. వర్షాకాలంలో మబ్బులు, సముద్రపు గాలి ఉండటం వలన ఖరీఫ్ వరికి కొంత ఊరట లభిస్తుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ పరిశోధకులు సహచరులతో కలిసి 2014లో ప్రకటించిన అంచనా ప్రకారం, 2005 సంవత్సరంలో మన దేశం సుమారు 35 లక్షల టన్నుల గోధుమను, 21 లక్షల టన్నుల బియ్యాన్ని ఈ విధంగా కోల్పోయింది. అది సుమారు 9 కోట్ల 40 లక్షల మందికి సరిపడే ఆహారం.

మన కర్తవ్యం

2009 నాటి జాతీయ ప్రమాణం ప్రకారం 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఓజోను 100 మైక్రోగ్రాములు మించరాదు. అయితే పంటల నష్టాన్ని లెక్కించేటప్పుడు శాస్త్రజ్ఞులు వందకోట్ల భాగాలలో 40 భాగాలను, అనగా సుమారు 80 మైక్రోగ్రాములను, హద్దుగా తీసుకుంటారు. కనుక ప్రమాణానికి లోబడిన గాలిలో సైతం పైరు నష్టపోవచ్చును.

థర్మల్ విద్యుత్ కేంద్రాలకు నత్రజని ఆక్సైడుల పరిమితులను కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో ప్రకటించింది. వాటిని సాధించే మార్గాలు ఇంజనీర్లమైన మనకు కొత్తవి కావు. తక్కువ నత్రజని ఆక్సైడులనిచ్చే బర్నర్లను అమర్చుట, దహనానికి గాలిని అంచెలుగా అందించుట, అదనపు గాలిని అదుపులో ఉంచుట అందులో ముఖ్యమైనవి. వీటిలో చివరిది ప్రతి షిఫ్టులోనూ కంట్రోల్ రూములోని మన సహోద్యోగి చేతిలోనే ఉన్నది. ఇంధన ట్యాంకుల మూతలు, వాల్వుల లీకులు సరిచూచుకొనుట, కాలనీలో ఆకులు, చెత్త తగులబెట్టకుండుట కూడా ఈ కృషిలో భాగమే.

మనలో అనేకులు రైతు కుటుంబాల నుండి వచ్చినవారమే. ఓజోనును కొలిచే కేంద్రాలు అధికంగా పట్టణాలలోనే ఉన్నందున, తన చేనికి జరిగే నష్టమెంతో తెలుసుకొనే సాధనం రైతు వద్ద లేదు. దానిని తగ్గించగల సాధనాలు మాత్రం మన వద్ద ఉన్నవి. వాటిని శ్రద్ధతో వినియోగించుట మన వృత్తిధర్మం.