ఊరికి దూరంగా జరిగిన నౌక: విశాఖ రేవులో చమురు టెర్మినళ్ల స్థానచలనం

వ్యాససంగ్రహం:

ఖనిజాన్ని దేశం దాటించడానికి కట్టిన విశాఖపట్టణం రేవు 1957 తరువాత ముడిచమురును దించుకొనే రేవుగా కూడా మారింది. ఆ మార్పులో చమురు నౌక నిలిచే చోటు ఊరి నుంచి క్రమంగా దూరమైంది. లోపలి రేవు నుంచి వెలుపలి రేవుకు, అక్కడి నుంచి బయటి సముద్రంలోని బోయాకు జరిగింది. నిల్వలో కొంత భాగం నేలమీది ట్యాంకుల నుంచి కొండరాతి గర్భంలోకి దిగింది. శుద్ధికర్మాగారం మాత్రం పుట్టిన చోటనే ఉండి పెరిగింది. ఈ రెండు చలనాల మధ్య ఉన్న అంతరాన్ని లిబియా తీరంలోని చమురు రేవుల అనుభవంతో కలిపి ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: విశాఖపట్టణం, ముడిచమురు, వెలుపలి రేవు, బోయా, భూగర్భ నిల్వ, రవ్వ క్షేత్రం, లిబియా.

1. ఉపోద్ఘాతం

బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు సముద్రం లేదు. అయినా మదనపల్లె మార్కెట్టు నుంచి టమాటా లారీ కదలాలంటే డీజిలు కావాలి. భారతదేశం శుద్ధిచేసే ముడిచమురులో అధికభాగం దిగుమతి అయ్యేదే కనుక, ఆ డీజిలుకు మూలమైన చమురు చాలావరకు ఏదో ఒక రేవులో ఓడ దిగినదే అయి ఉంటుంది. అందువల్ల తీరంలో చమురు ఎక్కడ దిగుతుంది, ఎక్కడ నిలువ ఉంటుంది, ఎవరి ఇళ్ల పక్కనుంచి పోతుంది అన్న ప్రశ్నలు తీరవాసులకే పరిమితమైనవి కావు. మన పాఠ్యగ్రంథాలు రేవుల గురించి చెప్పేటప్పుడు ఎన్ని టన్నుల సరకు ఎగుమతి, ఎంత దిగుమతి అన్న లెక్కతో ఆగిపోతాయి. రేవు లోపలి భూగోళాన్ని అవి పట్టించుకోవు.

2. ఎగుమతి కోసం పుట్టిన రేవు

తూర్పుతీరంలో సహజమైన రేవులు అరుదు. నైరుతి రుతుపవన కాలంలో అలలు ఇసుకను ఉత్తరదిశగా తోసుకొనిపోతూ నదీముఖాలను, కాలువల నోళ్లను పూడ్చివేస్తాయి. విశాఖలో దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని వెనుక మేఘాద్రిగెడ్డ చేరే ఉప్పుటేరు, బురదనేల కలిసి ఒక అవకాశాన్ని ఇచ్చాయి. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రద్వారం వెతుకుతున్న బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ అవకాశాన్ని అందుకొంది. ప్రవేశమార్గంలోకి ఇసుక చేరకుండా జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడిన ముచ్చట రేవు నిర్మాణచరిత్రలో తరచుగా కనిపిస్తుంది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీకి చెందిన జలదుర్గ నౌక ఈ రేవులోకి ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ దీనిని లాంఛనంగా ప్రారంభించాడు.

ఇసుకతో పోరు మాత్రం నేటికీ తీరలేదు. రేవులో తవ్వితీసిన ఇసుకను నగరం ముందున్న కోతకు గురైన బీచికి పోయడం అక్కడ నిత్యకృత్యం.

3. చమురు రాక

1957లో కాల్టెక్స్ సంస్థ విశాఖలో శుద్ధికర్మాగారాన్ని నెలకొల్పింది. తూర్పుతీరంలో అదే మొదటిది. ఏటా 6.5 లక్షల టన్నుల ముడిచమురును శుద్ధిచేసే సామర్థ్యంతో అది మొదలైంది. జాతీయీకరణ అనంతరం 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైంది. ఆ కాలపు చమురునౌకలు చిన్నవి. కొండ పక్కనున్న ఇరుకు ప్రవేశమార్గం గుండా లోపలి రేవుకు వచ్చి, కర్మాగారానికి దగ్గరగానే చమురు దించేవి. నౌక, ట్యాంకులు, కర్మాగారం, కార్మికుల ఇళ్లు అన్నీ ఒకే పరిధిలో ఇమిడిపోయాయి. ఆనాటికి అది సౌకర్యంగానే తోచింది.

1967లో సూయజ్ కాలువ మూతపడింది. ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసిన నౌకలకు పరిమాణం పెరిగితేనే గిట్టుబాటు అయింది. పెద్ద నౌకకు లోతైన నీరు, తిరగడానికి విశాలమైన చోటు కావాలి. లోపలి రేవు ఆ రెండింటినీ ఇవ్వలేదు.

విశాఖలో వెలుపలి రేవు నిర్మాణానికి తక్షణకారణం చమురు కాదు, బైలదిల్లా ఇనుపఖనిజం. జపానుకు దానిని పెద్ద నౌకల్లో పంపడానికి అలలను ఆపే కట్టలతో సముద్రంలోనే ఒక ఆవరణను నిర్మించి 1976లో వాడుకలోకి తెచ్చారు. చమురు ఆ ఆవరణలో తరువాత చోటు సంపాదించింది. అక్కడి టెర్మినలులో సుమారు లక్షన్నర టన్నుల స్థాయి నౌకలు ఆగగలవు. ఖనిజం కోసం కట్టిన గోడల నీడలో చమురు నౌక ఊరికి ఒక అడుగు దూరం జరిగిందన్నమాట.

రెండవ అడుగు బయటి సముద్రంలోకి పడింది. అతిపెద్ద ముడిచమురు నౌకలు దాదాపు మూడు లక్షల టన్నులు మోస్తాయి. వాటికి ఏ జెట్టీ అక్కరలేదు. లోతైన నీటిలో గొలుసులతో అడుగుకు బిగించిన ఒక పెద్ద బోయా చాలు. నౌక ముక్కును ఆ బోయాకు కడతారు. గాలి, ప్రవాహం మారినప్పుడల్లా నౌక దాని చుట్టూ గుంజకు కట్టిన ఎద్దులా తిరుగుతుంది. తేలే గొట్టాల ద్వారా బోయాకు, అక్కడినుంచి సముద్రపుటడుగున వేసిన గొట్టంలో ఒడ్డుకు చమురు చేరుతుంది. తుఫాను సూచన రాగానే గొట్టం విడదీసి నౌక బయటికి వెళ్లిపోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా తాకిన తీరంలో ఈ వెసులుబాటు చిన్నది కాదు.

4. 1997 సెప్టెంబరు 14

ఆ ఆదివారం ఉదయం విశాఖ కర్మాగారంలో, నౌక నుంచి వంటగ్యాసును గోళాకార ట్యాంకుల్లోకి ఎక్కిస్తున్న దశలో వాయువు కారింది. గాలికంటె బరువైన ఆ వాయువు నేలను అంటి వ్యాపించి, నిప్పు తగిలి పేలింది. ఒక ట్యాంకు మంట మరొకదానిని తాకింది. యాభైమందికి పైగా మరణించారు. పరిసర కాలనీల నుంచి వేలాదిమంది ఉన్నపాటున ఊరు వదిలి పరుగెత్తారు. మృతుల్లో పలువురు కర్మాగారంలోనే పనిచేసేవారు.

సుమారు దశాబ్దం తరువాత విశాఖలోనే 60,000 టన్నుల వంటగ్యాసును దాచగల భూగర్భ గుహ వాడుకలోకి వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ ప్రాంతంలోని లోవగార్డెన్స్ వద్ద, సముద్రమట్టానికి దాదాపు 200 మీటర్ల దిగువన రాతిలో దానిని తొలిచారు. అంత లోతు ఎందుకు? వంటగ్యాసులోని ప్రొపేను మామూలు ఉష్ణోగ్రత వద్ద ద్రవంగా నిలవాలంటే వాతావరణ పీడనానికి దాదాపు పదిరెట్లు కావాలి. ప్రతి పది మీటర్ల నీరు ఒక వాతావరణ పీడనం చొప్పున కలుపుతుంది. గుహ చుట్టూ పగుళ్లలో ఉన్న భూగర్భజలం లోపలి వాయువు కంటె ఎక్కువ ఒత్తిడితో నెడుతున్నంత కాలం వాయువు బయటికి రాలేదు. నీరే లోనికి చెమ్మగిలుతుంది, దానిని తోడివేస్తారు. అందుకే ఇలాంటి గుహలకు ఇనుపతొడుగు ఉండదు. చుట్టూ రంధ్రాలు వేసి నీటిని నింపి ఒక జలయవనికను నిలబెడతారు. బావిలో ఊట తగ్గకుండా కాపాడుకోవడం తెలిసిన రాయలసీమవాసికి ఈ సూత్రం కొత్తగా అనిపించదు. ఇక్కడ కాపాడేది నీటికోసం కాదు, నీటితో.

ముడిచమురుకు ఇంత పీడనం అక్కరలేదు. అయినా అదే సూత్రంతో విశాఖలో 13.3 లక్షల టన్నుల వ్యూహాత్మక నిల్వగుహను నిర్మించి 2015లో ప్రారంభించారు. మంగళూరు (15 లక్షలు), పాదూరు (25 లక్షలు) గుహలతో కలిపితే మొత్తం 53.3 లక్షల టన్నులు. ఇది దేశానికి పది రోజులకు కూడా సరిపోదు. 2020 ఏప్రిల్, మే నెలల్లో ధర కుప్పకూలినప్పుడు ఈ గుహలను నింపుకోవడం లాభసాటి అయింది.

5. ఎదురుప్రవాహం: లిబియా, కోనసీమ

పై కథను తిరగేస్తే లిబియా తీరం కనిపిస్తుంది. అక్కడ చమురు ఒడ్డు నుంచి ఓడకు పోతుంది. 1959లో జల్తన్ వద్ద చమురు బయటపడగా 1961లో బ్రెగా నుంచి తొలి ఎగుమతి జరిగింది. ఆ దశాబ్దంలోనే సిద్రా, రాస్ లనూఫ్, తోబ్రూక్ పక్కనున్న హరీగా, జువైతీనా రేవులు వచ్చాయి. వీటిలో చాలావరకు ఊళ్లకు రేవులు కావు, గొట్టాలకు రేవులు. ఎడారి క్షేత్రం నుంచి సముద్రానికి దగ్గరిదారి ఎక్కడ తేలితే అక్కడ ట్యాంకులు లేచాయి. విశాఖ తరువాత నేర్చుకొన్న దూరం సిద్రాకు పుట్టుకతోనే ఉంది.

అయితే ఆ దూరం దానిని కాపాడలేదు. 2013లో చమురు స్థావరాలకు పహారా ఇవ్వవలసిన దళమే తూర్పు రేవులను మూసివేసింది. 2014 డిసెంబరులో రాకెట్ తగిలి సిద్రాలో ట్యాంకులు రోజుల తరబడి తగలబడ్డాయి. దేశాదాయం మొత్తం నాలుగైదు రేవుల గుండా పోతున్నప్పుడు ఆ రేవును పట్టుకొన్నవాడు ఖజానాను పట్టుకొన్నట్టే. జనావాసం లేకపోవడం ప్రమాదాన్ని తగ్గించింది గాని, రేవును కాపాడుకొనే ఊరు కూడా పక్కన లేకుండా చేసింది.

తెలుగునేలపై ఈ ఎదురుప్రవాహానికి ఒక చిన్న ఉదాహరణ ఉంది. కోనసీమ తీరంలోని రవ్వ క్షేత్రపు చమురు సూరసానియానం టెర్మినలుకు చేరి, శుద్ధపరచబడి, సముద్రంలోని బోయా ద్వారా నౌకలకు ఎక్కుతుంది. విశాఖ బోయా చమురును లోనికి తెస్తే రవ్వ బోయా బయటికి పంపుతుంది. పరికరం ఒక్కటే. నెల్లూరు దిగువన ఉన్న కృష్ణపట్నం రేవులోనూ నూనె దిగుతుంది గాని, అది చాలావరకు వంటనూనె. గణాంకపట్టికలో 'నూనె' అన్న మాటను చదివేటప్పుడు పరిశోధకులు కొంచెం జాగ్రత్తపడాలి.

6. నిలిచిపోయిన చోటు

నౌక దూరమైంది, నిల్వలో కొంత భూమిలోకి దిగింది. కర్మాగారం మల్కాపురం, శ్రీహరిపురం పక్కనే ఉంది. 6.5 లక్షల టన్నుల సామర్థ్యం దశలవారీగా పెరిగి ఆధునికీకరణతో 1.5 కోట్ల టన్నులకు చేరింది, అంటే దాదాపు ఇరవైమూడు రెట్లు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, విశాఖలో దూరం అన్నది సముద్రం వైపున మాత్రమే సాధ్యమైందని తెలుస్తుంది. నేలవైపున ఊరు పెరిగింది, కర్మాగారమూ పెరిగింది, మధ్య ఖాళీ తరిగింది. రేవుల అభివృద్ధిపై వచ్చిన రచనల్లో లోతు, బెర్త్‌ల సంఖ్య, నౌకల పరిమాణం పుటలకొద్దీ దొరుకుతాయి. ఈ ఖాళీ కొలత మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

కర్మాగారం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదుకు గొట్టపుమార్గం ఉంది. విజయవాడ నుంచి మరొక శాఖ దక్షిణంగా తమిళనాడులోని ధర్మపురికి సాగింది. కుప్పం సరిహద్దు దాటితే కృష్ణగిరి జిల్లా, దానిని దాటితే ధర్మపురి. బంగాళాఖాతంలోని బోయా వద్ద దిగిన చమురు డీజిలుగా మారి రాయలసీమ అంచుల వరకు భూమిలోపలే ప్రయాణించి, చివరి మజిలీని ట్యాంకరు లారీమీద, జనం నడిచే రోడ్డుమీద పూర్తిచేస్తుంది.